చెరి సగం పొట్లాలు

మూడూ ఇరవైకి లాకప్ తలుపు తీశారు. డిటెక్టివ్ స్టూలు లాక్కుని కూర్చోకముందే లోపలున్న డాక్టరమ్మ అడిగింది.

"ఆయన బాధపడ్డాడా?"

లాకప్‌లో ఉన్నవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఇది కాదు. నన్నెప్పుడు వదుల్తారు, నా మీద ఎవరు చెప్పారు, మా ఇంట్లో తెలిసిపోయిందా... వరస ఇలా ఉంటుంది. పాతికేళ్ళుగా ఆ వరసే విని చెవులు కాయలు కాసిన డిటెక్టివ్‌కి డాక్టరమ్మ మీద అక్కడికక్కడే సగం నమ్మకం కుదిరింది. మిగతా సగానికి సాక్ష్యం కావాలి.

"నిద్రలో పోయాడు," అన్నాడు. "అంతకుముందు చెమటలు పట్టి ఉంటాయి, వణికి ఉంటాడు. పక్కన మనిషంటూ ఉండి నాలుగు చెంచాల పంచదార నోట్లో వేసుంటే బతికేవాడు."

"పక్కన ఎవరూ లేరా?"

"లేరు."

డిటెక్టివ్‌కీ షుగరే. ఆయన పక్కనా ఎవరూ లేరు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంటికి వెళ్తే తాళం తీసేదీ ఆయనే, లైటు వేసేదీ ఆయనే. ఇంత ఆలస్యమైందేం అని సాధించే మనిషి లేకపోవడం ఇంత కష్టంగా ఉంటుందని, ఆవిడ సాధించినన్నాళ్ళూ ఆయనకు తెలియలేదు.

కేసు చూడ్డానికి చిన్నదే. అవిసె గింజల పొడి రోజూ తింటే షుగరు దీర్ఘకాలంలో ఎంత అదుపులో ఉంటుందో తేల్చాలని డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. నూట ఇరవై మంది రోగులు. సగం మందికి అవిసె పొడి, సగం మందికి అచ్చం అలాగే కనిపించేలా వేయించి దంచిన గోధుమ పొట్టు. పొట్లం మీద పేరుండదు, మనిషికో నంబరు. ఎవరికి ఏది వెళ్తోందో తినేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. ఆ జాబితా సీలు వేసిన కవరులో, పరిశోధన లెక్కలు చూసే ఆయన బీరువాలో ఉంది.

పన్నెండో నంబరు మనిషి రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. జీవితమంతా భవనాల నమూనాలు గీసి, చివరికి మేడమీద ఒక్క గదిలో మిగిలిపోయినవాడు. బుధవారం సాయంత్రం పొడి కలుపుకుని తాగి పడుకున్నాడు, గురువారం లేవలేదు. గ్లాసు అడుగున అవిసె పొడితో పాటు షుగరు తగ్గించే మాత్రల పొడి దొరికింది. ఒకటీ రెండూ కాదు, ఏడెనిమిది మాత్రల మోతాదు. అది ఆయన వాడే మందు కూడా కాదు.

ఇన్‌స్పెక్టర్ లెక్క సూటిగా తేలిపోయింది. పరిశోధన గెలవాలని డాక్టరమ్మ పొట్లాల్లో దొంగచాటుగా మందు కలుపుతోంది, ఒక పొట్లంలో చెయ్యి జారింది. శుక్రవారం పొద్దున్నే పొట్లాలిచ్చే పరిశోధన కేంద్రానికి సీలు పడింది. ఈ రోజు, శనివారం, అరెస్టు. రేపు పది గంటలకు మేజిస్ట్రేటు ముందుకు.

"పొడి ఎన్నింటికి తినమన్నారు?" డిటెక్టివ్ పెన్సిలు తీశాడు.

"సాయంత్రం ఏడింటికి, భోజనానికి ముందు. గ్లాసుడు నీళ్ళలో కలిపి పది నిమిషాలు నాననిచ్చి తాగాలి. నానకపోతే గొంతుకి అడ్డం పడుతుంది."

"పది నిమిషాలు. కచ్చితంగానా?"

"మిమ్మల్ని గడియారం అంటారని కానిస్టేబుల్ చెప్పాడు. ఊరికే అనలేదన్నమాట."

పోలీసు శాఖలో ఉన్నప్పుడు పడిన పేరది. ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా పేరు వదల్లేదు.

"పొట్లాలు ఎప్పుడిస్తారు?"

"రెండు వారాలకోసారి, బుధవారం సాయంత్రం. మనిషికి పద్నాలుగు. ఈసారి మాత్రం శుక్రవారానికి వాయిదా వేశాం. పొట్లాల కాగితం టైముకి రాలేదు."

పెన్సిలు ఆగింది.

"అంటే పాత పొట్లాలు మంగళవారంతో సరి. బుధవారం ఆయన దగ్గర తినడానికి ఏమీ ఉండకూడదు."

"ఎప్పుడో ఒక రోజు మానేసుంటే మిగిలుంటుంది."

"మీ పన్నెండో నంబరు ఒక్క రోజైనా మానేసే రకమా?"

డాక్టరమ్మ ఆలోచించింది. ఆ అలసిన ముఖంలోకి కాస్త నవ్వు వచ్చింది. "కాదు. ఖాళీ పొట్లాలు లెక్కకి తెమ్మంటాం. అందరూ నలిపి ఉండ చుట్టి తెస్తారు. ఆయన స్కేలు పెట్టి కోసి, ఒకే కొలతలో మడిచి, దారంతో కట్టి తెచ్చేవాడు. మా నర్సు వాటిని పారెయ్యలేక దాచుకుంది."

"గ్లాసులో దొరికిన మందు మీ దగ్గర ఎవరెవరు వాడతారు?"

"ఇరవై మంది దాకా ఉంటారు. గింజలు తింటున్నాం కదా అని మాత్రలు ఎగ్గొడతారేమోనని అందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. గింజ గింజే, మందు మందే అని. పోయినసారి పొట్లాలిచ్చేటప్పుడు ఒకావిడ మాత్ర మింగలేనంటే, నూరుకుని అయినా వేసుకోమన్నాను."

"ఎవరావిడ?"

"నూట ఇరవై మందండీ. ముఖం గుర్తుంది, మందపాటి కళ్ళద్దాలు. పేరూ నంబరూ రిజిస్టరులో ఉంటాయి. రిజిస్టరు మీవాళ్ళు సీలు వేసిన గదిలో ఉంది."

"వాళ్ళు నావాళ్ళు కాదు," అన్నాడు డిటెక్టివ్. "ఒక్క మాట సూటిగా చెప్పండి. గింజలు గెలవాలని మీకు ఉందా, లేదా?"

"తెలుసుకోవాలని ఉంది. గింజలు అద్భుతాలు చేస్తాయని నేనెప్పుడూ అనలేదు. మూడు నెలల సగటు ఎనిమిదిన్నర ఉన్న మనిషికి అరపాయింటో ముప్పావు పాయింటో తగ్గితే అదే గొప్ప. వేలు గుచ్చి చూసే పరీక్షనైతే ఒక పూట పస్తుండి మోసం చెయ్యొచ్చు. మూడు నెలల సగటు చూపించే పరీక్ష దగ్గర ఆ ఆటలు సాగవు. మనం ఎవరూ చూడకుండా తిన్నదంతా అందులో బయటపడుతుంది."

"మూడు నెలల రక్తం తీశారా?"

"పోయిన శనివారమే తీశాం. ఫలితాలు జాబితాతో పాటే ఉన్నాయి, లెక్కలాయన దగ్గర. నేనింకా చూడలేదు, చూడకూడదు కూడా. ఇంకో మూడు నెలలు నడవాలి."

"నాకా కవరు కావాలి. మొత్తం అందరిదీ."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు విప్పితే పరిశోధన మొత్తం పోయినట్టే. మూడేళ్ళు పట్టింది ఇక్కడిదాకా రావడానికి."

"విప్పకపోతే మీరు పోయినట్టే."

"నా సంగతి వదిలెయ్యండి. ఆయన దగ్గర ఎవరూ లేరన్నారుగా. ఎందుకు పోయాడో ఎవరో ఒకరికైనా తెలియాలి. ఇవ్వండి, కాగితం ఎక్కడ?"

కవరు విప్పమని నాలుగు ముక్కలు రాసి ఆవిడ సంతకం పెట్టింది. డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. మూడూ యాభై రెండు.

లెక్కలాయన, సొంత ఇంటి తాళం తానే పగలగొట్టుకుంటున్న మనిషిలా, నాలుగూ నలభైకి కవరు చింపాడు. జాబితాలో పేర్లు లేవు, నంబర్లే. పన్నెండో నంబరు ఎదురుగా ఉన్న మాట చూసి డిటెక్టివ్ రెండోసారి చదివాడు. గంటసేపు ఇద్దరూ కూర్చుని నూట ఇరవై వరసలూ వేలుపెట్టి చూశారు. లేచేసరికి డిటెక్టివ్ జేబులో ఒకే ఒక్క కాగితం ముక్క, దాని మీద రెండు నంబర్లు, వాటి ఎదుటి లెక్కలు ఉన్నాయి.

డ్రాఫ్ట్స్‌మన్ గది తాళం పోలీసుల దగ్గర ఉంది. కానిస్టేబుల్ని పంపితే సరిపోయేది. కానీ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడాది ఒకే స్టేషన్లో చేరినవాళ్ళు. ఒకరు మెట్లెక్కారు, ఒకరు దిగిపోయారు. దిగిపోయినవాణ్ణి అప్పుడప్పుడూ చూసి రావడం ఎక్కినవాడికి సరదా.

"రావయ్యా గడియారం. ఆరూ ఇరవై అన్నావు, ఆరూ ఇరవైకే వచ్చావు. గదిలో ఏముందని? ఒక మంచం, ఒక బల్ల, ఒక శవం. శవాన్ని మేం తీసేశాం."

"ఒక కుర్చీ," అన్నాడు డిటెక్టివ్.

"ఏంటి?"

"గదిలో ఒక్కటే కుర్చీ ఉంది. ఇంకో మనిషి వచ్చి కూర్చునే ఏర్పాటు లేదు."

ఒకటే కంచం, ఒకటే గ్లాసు. ఆ గ్లాసు ఇప్పుడు ల్యాబులో ఉంది. అలమరలో డబ్బాలన్నిటికీ నీటుగా చీటీలు అంటించి ఉన్నాయి. ఉప్పు డబ్బా మీద "కొంచెం" అని, పంచదార డబ్బా మీద "వద్దు" అని. చదవడానికి తను తప్ప ఎవరూ లేరని తెలిసీ అంత అందంగా రాసుకున్నాడు. డిటెక్టివ్ పంచదార డబ్బా తీసి ఊపాడు. ముప్పాతిక దాకా ఉంది. మంచానికి ఆరడుగుల దూరంలో ఉంది. ఆ ఆరడుగులూ దాటలేక పోయాడా మనిషి. డిటెక్టివ్ డబ్బాని యథాస్థానంలో పెట్టేశాడు.

కిటికీ కింద గీతల బల్ల. దాని మీద మూలమట్టం, దాని కింద చిన్న ట్రేసింగు కాగితం ముక్క, నాలుగు మడతలు విప్పి ఉంది. మూల మీద పెన్సిలుతో "బుధ – 12" అని రాసి ఉంది. డిటెక్టివ్ వేలితో మడత లోపల రుద్ది వాసన చూశాడు. అవిసె పొడి.

"ఇది ఎందుకు తీసుకెళ్ళలేదు?"

"గీతల కాగితం కదా, గీతల బల్ల మీద ఉంది." ఇన్‌స్పెక్టర్ గొంతులో మొదటిసారి కాస్త పట్టు తగ్గింది.

"కేంద్రం వాళ్ళ పొట్లం మందపాటి కాగితం, యంత్రం అంచు. ఇది చేత్తో కట్టింది. ఆయనే కట్టుకున్నాడు."

బల్ల మీద పిన్నులతో గుచ్చిన కాగితం ఇంకా అలాగే ఉంది. దాని మీద భవనం లేదు, ఒక గాజు సీసా బొమ్మ ఉంది. నిట్టనిలువుగా, కొలతలతో, మూత మరలతో సహా. సీసా అడుగున కొద్దిపాటి పొడి గీతలు గీసి చూపించాడు. పక్కన చక్కటి అక్షరాల్లో: "మిగులు. చెరి సగం. 31 – 12." ఆ పొడికీ అడుగుకీ మధ్య సన్నగా ఒక పొర వదిలి, దాని వైపు బాణం వేసి ఒక మాట రాశాడు: "తెల్లటి పొర?"

డిటెక్టివ్ ఒంగి ఆ ప్రశ్నార్థకాన్ని దగ్గరగా చూశాడు.

"ఏంటి, సీసాతో ప్రేమలో పడ్డావా?"

"విను. పన్నెండో నంబరుకి మూడు నెలలుగా వెళ్తున్నది అవిసె కాదు, గోధుమ పొట్టు. కవరులోంచి రాసుకొచ్చా, చూసుకో. మరి గ్లాసులోకి అవిసె ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ కాగితం లాక్కుని చూశాడు. "జాబితా మార్చేసుంటారు."

"రక్తాన్ని మార్చలేరుగా. అవిసె తిన్నవాళ్ళకి మూడు నెలల సగటు పాయింటు ఎనిమిది దాకా తగ్గింది. పొట్టు తిన్నవాళ్ళకి ఏమీ తగ్గలేదు. నూట ఇరవై మందిలో ఇద్దరే తేడాగా ఉన్నారు. పొట్టు గుంపులో పన్నెండో నంబరుకి పాయింటు నాలుగు తగ్గింది. అవిసె గుంపులో ముప్పై ఒకటో నంబరుకి పాయింటు నాలుగే తగ్గింది. సగం, సగం."

"అయితే?"

"అసలు పొడి ఎవరికి వస్తోందో తెలియదు. బుధవారం బుధవారం పొట్లాల కోసం ఒకే బెంచీ మీద కూర్చుని, ఇద్దరూ మాట్లాడుకుని ఉంటారు. మీది సగం నాకు, నాది సగం మీకు. ఏది అసలైనా ఇద్దరికీ సగం దక్కుతుంది. డాక్టరమ్మ మూడేళ్ళ తెలివికి చిక్కని ఉపాయం." డిటెక్టివ్ బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇద్దరిలో ఒకరు మాత్ర మింగలేని మనిషి. తన వాటా సీసాలో పోసుకుని, రెండు వారాల మాత్రలూ నూరి అందులోనే కలిపేసుకుంటుంది. రోజూ పైనుంచి చెంచాతో తీసుకుంటుంది. గింజల పొడి తేలిక, మాత్రల పొడి సన్నం, జారి అడుక్కి చేరుతుంది. ఈ బుధవారం కొత్త పొట్లాలు రాలేదు. ఈయన దగ్గర అయిపోయింది. ఆవిడ సీసాలో అడుగు మిగిలింది. పాపం, పంచుకున్నారు."

"బాగుంది. ఇది హత్య కాదంటావు, మోసం కాదంటావు, ఎవరో ముసలమ్మ సీసా అంటావు."

"నీ లెక్కకే వద్దాం. మూడు నెలలుగా పొట్లాల్లో మందుంటే ఈయన సగటు ఒకటిన్నర, రెండు పాయింట్లు పడిపోయేది. పడలేదు. వారం కిందటిదాకా ఆ మందు ఈయన ఒంట్లోకి వెళ్ళలేదు. డాక్టరమ్మని వదిలెయ్యి. కేంద్రం సీలు తీయించి రిజిస్టరు తెప్పించు. ముప్పై ఒకటి ఎవరో చూడాలి. మిగతా సగం ఆవిడ దగ్గరే ఉంది."

టైము ఆరూ యాభై మూడు.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఉద్యోగంలో పైకి తీసుకొచ్చిన నవ్వు అది. "ఇక్కడే దొరికిపోయావు. బుధవారం పంచుకుంటే ఆవిడా బుధవారమే తింటుంది కదా. తింటే నాకు గురువారం ఇంకో శవం రావాలి. వచ్చిందా? ఈ చుట్టుపక్కల షుగరు పడిపోయి ఒక్కరూ పోలేదు, ఒక్కరూ ఆసుపత్రిలో చేరలేదు. నేనే కనుక్కున్నా. నీ ముప్పై ఒకటి గాల్లో ఉంది గడియారం."

డిటెక్టివ్ మళ్ళీ సీసా బొమ్మ వైపు చూశాడు. నిజమే. ఆవిడ ఎందుకు బతికుంది? బుధవారం ఏడింటికి ఆవిడ ఎందుకు తినలేదు?

"ఆయన ఫోను ఇవ్వు."

"చూడక్కర్లేదు, నేను చూశా." ఇన్‌స్పెక్టర్ సంచీలోంచి ఫోను తీసి వేలితో తోస్తూ చదివాడు. "మూడు నెలల నుంచీ ఒకటే నంబరు. ల్యాండ్‌లైను. ఈయన చేస్తాడు, అటువాళ్ళు ఎత్తరు. ఆ వెంటనే అటునుంచి చేస్తారు, ఈయన ఎత్తడు. ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఎవరో ఆటపట్టించేవాళ్ళయ్యా. బుధవారం ఈయన మూడుసార్లు చేశాడు, తిరిగి రాలేదు. గురువారం, శుక్రవారం అటునుంచి వరసగా పది పది వచ్చాయి. అప్పటికి ఈ ఫోను నా బీరువాలో ఉంది. ఉండు, నీ ముందే చేసి చూపిస్తా, నీ అనుమానం తీరిపోతుంది."

నొక్కాడు. అటు ఒకసారి మోగింది. రెండోసారి మోగింది.

"రోజూ ఎన్నింటికి చేసేవాడు?" అని అడిగాడు డిటెక్టివ్.

"చూశావా, ఎత్తరు." ఇన్‌స్పెక్టర్ కట్ చేశాడు. "ఎన్నింటికా? ఏడింటికి. వాళ్ళు ఏడూ ఒకటికి."

డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. సరిగ్గా ఏడు.

పాతికేళ్ళలో ఎన్నోసార్లు ఆ వాచీ చూసుకున్నాడు గానీ, దాన్ని చూసి ఒళ్ళు జలదరించడం ఇదే మొదలు. ఒక్క కుర్చీ గదిలో ఒక మనిషి. ఎక్కడో ఇంకో గదిలో ఇంకో మనిషి. రోజూ ఏడింటికి, నేను తింటున్నా మీరూ తినండి అని ఒక మోత. నేనూ తింటున్నా అని తిరుగు మోత. పలకరింపూ అదే, భోజనానికి తోడూ అదే. బుధవారం ఆవిడకి ఏ కారణానో ఆ మోత అందలేదు. అందుకే తినలేదు. ఈయన పది నిమిషాలు ఎదురుచూసి, మూడు నెలల్లో మొదటిసారి ఒంటరిగా తిన్నాడు.

"ఏం చేశావురా?" అన్నాడు డిటెక్టివ్. పదేళ్ళ తర్వాత పాత పిలుపు నోట్లోంచి వచ్చేసింది. "ఆవిడ మూడు రోజులుగా ఆ మోత కోసమే కూర్చునుంది!"

చనిపోయిన మనిషి ఫోను ఇన్‌స్పెక్టర్ చేతిలో మోగింది.

అతను ఉలిక్కిపడి జారవిడిచాడు. ఒంగి తీసేలోపు రెండోసారి మోగి ఆగిపోయింది. ఏడూ ఒకటి.

"కలుపుకుంటోంది," అన్నాడు డిటెక్టివ్. "పది నిమిషాలు నానాలి. నీ ఫోను తియ్యి, ఆ నంబరు కొట్టు. ఎత్తేదాకా కొడుతూనే ఉండు."

ఇన్‌స్పెక్టర్ తన ఫోనులో అంకెలు ఒక్కొక్కటే నొక్కాడు. నాలుగో అంకె దగ్గర తెర మీద పేరు దానంతటదే వచ్చింది. అతని వేలు గాల్లో ఆగిపోయింది. డిటెక్టివ్ తొంగి చూశాడు.

"అక్క."

ఇన్‌స్పెక్టర్ ముఖంలో నెత్తురు లేదు. "నంబరు నాకు నోటికి రాదు," అన్నాడు ఎవరో అడిగినట్టు. "పేరు నొక్కితే వెళ్తుంది కదా... పేరు నొక్కి కూడా చాలా రోజులైంది."

"ఇల్లెంత దూరం?"

"నాలుగు వీధులు. జీపు పంపించేశా." అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "ఎనిమిది నెలలైందయ్యా వెళ్ళి. నాలుగు వీధులు!"

యాభై దాటిన ఇద్దరు మగవాళ్ళు సాయంత్రం జనంలో పడి పరిగెత్తారు. ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర ఫోను మోగుతూనే ఉంది. అటు ఎవరూ ఎత్తడం లేదు. ఏడింటి మోతకి ఎత్తకూడదన్నది వాళ్ళిద్దరి ఒప్పందం. ఆ మోత తమ్ముడిదని ఆవిడకెలా తెలుస్తుంది? ఏడూ ఐదుకి రెండో వీధి మలుపు. ఏడూ ఎనిమిదికి డిటెక్టివ్ డొక్కలో నొప్పి. ఏడూ తొమ్మిదికి ఇన్‌స్పెక్టర్ ఒక ఆకుపచ్చ తలుపు మీద రెండు చేతులతో బాదుతున్నాడు. లోపల ఫోను మోగడం బయటికి వినిపిస్తోంది.

తలుపు తెరుచుకుంది. మందపాటి కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు. ఎడమ చేతిలో గ్లాసు ఉంది.

గ్లాసు నిండుగానే ఉంది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కుని గోడకి చేరబడిపోయాడు. ఫోను కట్ చేశాడు. లోపల మోత ఆగింది.

"నువ్వా? ఇన్నాళ్ళకి దారి తెలిసిందేంట్రా?" అంది అక్క. కానీ ఆవిడ చూపు తమ్ముడి భుజం మీదుగా వెనక్కి, వీధిలోకి, ఇంకెవరికోసమో వెళ్ళింది. డిటెక్టివ్‌ని చూసి, వెతుకుతున్న మనిషి కాదని తెలిసి, తిరిగి వచ్చింది. "ఆ ఫోను చేసింది నువ్వేనా! ఆయనైతే రెండుసార్లే మోగిస్తారు. ఇవాళ ఆగకుండా మోగుతుంటే, ఎత్తాలా వద్దా అని దాని దగ్గరే నిలబడిపోయా. గ్లాసు నోటిదాకా వెళ్తేనా!"

డిటెక్టివ్ గ్లాసు వైపు చూశాడు. అడుగున వేలెడు మందాన పొడి, దాని కింద తెల్లటి పొర. డ్రాఫ్ట్స్‌మన్ గీసినట్టే ఉంది.

"ఎవరక్కా ఆయన?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"పొట్లాల దగ్గర పరిచయం. బొమ్మలు గీసే ఆయన. ఈ వయసులో ఫోనుల్లో ఏం మాట్లాడుకుంటాం చెప్పు, అందుకని మోగించుకుంటాం. తోడుగా తిన్నట్టుంటుంది. నవ్వకు." ఎవరూ నవ్వలేదు. "బుధవారం నా లైను చచ్చింది. గురువారం వచ్చి బాగుచేశారు. అప్పట్నుంచి చేస్తుంటే ఆయన పలకడు. శుక్రవారం పొట్లాలకి వెళ్తే తాళం వేసుంది. ఇవాళ మోగేసరికి ప్రాణం లేచొచ్చింది."

డిటెక్టివ్ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది. రేపు పది గంటలకు డాక్టరమ్మ బయటికి రావాలంటే ఆ ప్రశ్నకి జవాబు ఈ మనిషి నోటితోనే రావాలి. ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. గజదొంగల చేత నిజం కక్కించిన ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని గ్లాసులోకి చూస్తున్నాడు.

అడగాల్సిన అవసరం రాలేదు.

"ఆ బుధవారమే ఆయనతో నోరు తెరిచి మాట్లాడదామనుకున్నా, మొదటిసారి," అంది అక్క. "పొట్లాలు లేవని తిప్పి పంపేస్తే బెంచీ మీదే సీసా అడుగుది సగం ఆయనకి ఇచ్చానా, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, అందులో నా మాత్రల పొడి కలిసుంటుందని. మంగళవారం దాకా తినేశాను కదా, మహా అయితే చిటికెడు ఉంటుంది. అయినా చెప్పడం మంచిది కదా అని ఏడింటికి ఫోను తీశా. చప్పుడు లేదు, లైను పోయింది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తమ్ముడి ముఖం ఇప్పుడు సరిగ్గా కనిపించింది.

"అది కాదు గానీ, ఆయన బాగానే ఉన్నారుగా? ఆ పొడి తాగలేదు కదా?"

టైము ఏడూ పన్నెండు. డిటెక్టివ్ గడపలోనే నిలబడి, చెప్పులు విడిచి, "లోపలికి వచ్చి కూర్చుంటానమ్మా," అన్నాడు.